రాబందుల పతనానికి మనుషులు చెల్లించిన మూల్యం

ఢిల్లీలోనూ, దాని పరిసర పట్టణాలలోనూ తిరిగే వీధికుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ఆ ఆదేశాన్ని సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పిచ్చి సోకినవాటినీ మనుషులపై తెగబడేవాటినీ మినహాయించి మిగిలినవాటిని పట్టిన చోటనే వదలాలన్నది. ఈ రెండు ఉత్తర్వుల నడుమ దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. కుక్కకాటుకు బిడ్డలను పోగొట్టుకున్నవారి ఆక్రోశం ఒకవైపు, జంతు ప్రేమికుల ఆందోళన మరొకవైపు. మునిసిపాలిటీల అసమర్థత, ఎత్తని చెత్తకుప్పలు, కాగితాలకే పరిమితమైన శస్త్రచికిత్సలు, ఇలా కారణాలెన్నో చర్చకు వచ్చాయి. అవన్నీ వాస్తవాలే. కాని ఒక పక్షి పేరు మాత్రం ఆ చర్చలో అరుదుగానే వినిపించింది.

రాబందు అన్న మాట తెలుగువారికి తిట్టుగానే ఎక్కువ పరిచయం. అధిక వడ్డీలు గుంజే వ్యాపారి రాబందు, కరవు సహాయం కాజేసిన అధికారి రాబందు. సీతమ్మ కోసం రెక్కలు తెగిన జటాయువును, ఆయన నేలకూలినట్లు జనం చెప్పుకునే లేపాక్షిని మినహాయిస్తే, ఈ పక్షికి మన భాషలో గౌరవం దక్కిన సందర్భాలు తక్కువ. అది చేసిన చాకిరీకి వెల కట్టే ప్రయత్నం ఇటీవలి దాకా జరగలేదంటే ఆశ్చర్యమేమున్నది?

ఆ చాకిరీ చిన్నదేమీ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైబడి ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగం ముసలితనంతోనో రోగంతోనో చనిపోయేవే. చనిపోయిన గొడ్డును ఊరవతలకు ఈడ్చి, చర్మం ఒలుచుకున్నాక మిగిలినదాన్ని అక్కడే వదిలివేయడం తరతరాల పద్ధతి. గంట తిరక్కుండా రాబందుల గుంపు దిగి ఎముకలు మాత్రమే మిగిల్చేది. ఎముకలేరుకునేవారు వచ్చి వాటినీ ఎరువుల కార్మాగారాలకు చేర్చేవారు. రాబందు జీర్ణాశయంలోని ఆమ్లం ఎంత తీవ్రమైనదంటే, ఇతర జంతువులను చంపగల సూక్ష్మజీవులనేకం అందులో నశిస్తాయి. ప్రభుత్వం పైసా ఖర్చు పెట్టకుండా, ఉద్యోగి అన్నవాడు లేకుండా నడిచిన పారిశుద్ధ్య శాఖ అది.

1980లలో దేశంలో కోట్ల సంఖ్యలో ఉన్న ఈ పక్షులు 1990లలో ఎవరికీ అర్థం కాని రీతిలో రాలిపోనారంభించాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి కేంద్రంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు విభు ప్రకాశ్ ఈ మరణాలను గమనించి, 1999లో వివరాలు ప్రచురించారు. మెడలు వేలాడవేసి గంటల తరబడి కొమ్మ మీద కూర్చున్న పక్షులు ఉన్నట్లుండి నేలరాలేవి. పురుగుమందులేమో అని కొందరు, కొత్త వైరసేమో అని మరికొందరు అనుమానించారు. 1992, 2007 సంవత్సరాల మధ్య తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు, పొడుగుముక్కు, సన్నముక్కు జాతులు నూటికి దాదాపు 97 వంతులు అంతరించాయి. ఇంత విస్తృతంగా ఉండిన పక్షిజాతి ఇంత వేగంగా క్షీణించడం ఆధునిక కాలంలో మరెక్కడా నమోదు కాలేదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

అసలు కారణం 2004లో పాకిస్తాన్ నుంచి బయటపడింది. అక్కడి పంజాబ్‌లో చనిపోయిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందానికి వాటి లోపలి అవయవాలపై సుద్ద పూసినట్లు తెల్లని పొర కనిపించింది. మూత్రపిండాలు పనిచేయక యూరిక్ ఆమ్లం పేరుకుపోయిన గుర్తు అది. అలా చనిపోయిన ప్రతి పక్షి మూత్రపిండాలలోనూ డైక్లోఫెనాక్ అవశేషాలు దొరికాయి. ఆ బృందం ఫలితాలు 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి. భారత్, నేపాల్ దేశాలలో చచ్చిన పక్షులను పరీక్షించగా అక్కడా అదే తేలింది.

డైక్లోఫెనాక్ మనుషులు కీళ్ల నొప్పులకు, వాపులకు వాడే మామూలు మందే. స్విట్జర్లాండ్ కంపెనీ సీబా గైగీ దీనిని 1970లలో ప్రవేశపెట్టింది. పేటెంటు గడువు తీరాక ఎన్నో కంపెనీలు తయారీకి దిగాయి, ధర పడిపోయింది. 1994 నుంచి ఇది పశువుల మందుగా పల్లెలకు చేరింది. దుక్కి నాడు కుంటిన ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన గేదెకు ఒక్క సూదితో ఉపశమనం కలిగితే రైతు వాడకుండా ఎలా ఉంటాడు? ఈ వ్యవహారంలో రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. మందు వేసిన కొద్ది రోజులలో ఆ పశువు చనిపోతే, దాని మాంసంలో మిగిలిన కొద్దిపాటి మందు రాబందుకు ప్రాణాంతకమవుతుందని అతనికెవరు చెప్పారు? చెప్పవలసినవారికే తెలియదు. తెలుసుకోవాలన్న నిబంధన కూడా లేదు.

ఇక్కడొక లెక్క చూడదగినది. నూటికి ఒక్క కళేబరం కన్నా తక్కువ వాటిలో ఈ మందు ఉన్నా చాలు, రాబందుల సంతతి కుప్పకూలుతుందని గణాంక శాస్త్రజ్ఞులు తేల్చారు. ఒకే కళేబరం మీద పదుల పక్షులు వాలడమే దీనికి హేతువు. కాగా 2004, 2005లలో దేశంలోని వివిధ రాష్ట్రాల నుంచి సేకరించిన నమూనాలలో పదింట దాదాపు ఒకదానిలో డైక్లోఫెనాక్ కనిపించింది. విషం ఎక్కువైనందుకు కాదు, ఇంకా కొన్ని పక్షులు ఎలా మిగిలాయా అన్నందుకు ఆశ్చర్యపోవాలి.

పక్షుల కథ ఇంతవరకు తెలిసినదే. మనుషులకు ఏమైందన్నది ఆలస్యంగా తేలింది. రాబందులు లేని ఊళ్లలో కళేబరాలు కుళ్లిపోయాయి. వాటి మీద కుక్కలు, ఎలుకలు పెరిగాయి. కొన్నిచోట్ల వాటిని కాలువలలోకి, చెరువులలోకి నెట్టారు. కుక్క గాని, ఎలుక గాని రాబందులా శుభ్రంగా తినదు, పైగా రోగాన్ని మోసుకుతిరుగుతుంది. రాబందుల క్షీణత వల్ల కుక్కల సంఖ్య సుమారు 55 లక్షలు పెరిగి ఉంటుందనీ, 1992 నుంచి 2006 దాకా అదనంగా 47,000 మందికి పైగా రేబిస్‌తో మరణించి ఉంటారనీ, నష్టం 3,400 కోట్ల డాలర్లనీ 2008లో ఒక ఆర్థిక అధ్యయనం అంచనా వేసింది. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకునే ఆ రోజులను ఎరిగినవారికి ఈ అంకెల వెనుక ఉన్న భయం విడమరిచి చెప్పనక్కరలేదు.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాల్ ఫ్రాంక్, వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనంత్ సుదర్శన్ మరింత ముందుకు వెళ్లారు. వారి అధ్యయనం 2024లో 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ'లో వెలువడింది. వారి పద్ధతి సులభంగానే బోధపడుతుంది. రాబందుల నివాసానికి అనువైన జిల్లాలను ఒక వరుసలో, అనువు కాని జిల్లాలను మరొక వరుసలో పెట్టారు. మందు ధర పడిపోక ముందు ఈ రెండు వరుసలలోనూ మరణాల రేటు ఒకే తీరున నడిచింది. ఆ తర్వాత రాబందులుండిన జిల్లాలలో అది 4 శాతానికి పైగా పెరిగింది, మిగిలిన జిల్లాలలో పెరగలేదు. పశువులు ఎక్కువగా ఉన్న పట్టణ ప్రాంతాలలో ఈ తేడా మరింత కొట్టవచ్చినట్లు కనిపించింది. రేబిస్ టీకాల అమ్మకాలు, కుక్కల సంఖ్య, నీటిలో మలసంబంధ సూక్ష్మజీవులు, ఇవన్నీ అదే దిశలో పెరిగాయి. 2000 నుంచి 2005 దాకా ఈ విధంగా సంభవించిన అదనపు మరణాలు దాదాపు 5 లక్షలు. నష్టం ఏటా 6,940 కోట్ల డాలర్లు.

ఈ 5 లక్షల మందిని ఎవరూ ఒక్కొక్కరుగా లెక్కించలేదన్న మాట నిజం. మరణాల నమోదు లోపభూయిష్టంగా ఉన్న దేశంలో ఇది గణాంకాల ద్వారా రాబట్టిన అంచనా. ఫలానా మనిషి ఫలానా రాబందు లేనందువల్ల చనిపోయాడని ఏ వైద్యుడూ ధ్రువపత్రం ఇవ్వడు. మనిషి ప్రాణానికి డాలర్లలో ఖరీదు కట్టడం కూడా చాలామందికి వెగటు పుట్టిస్తుంది. ఆ అభ్యంతరాలను తోసిపుచ్చనక్కరలేదు. అంచనాను సగానికి సగం తగ్గించండి. అప్పటికీ అది రెండున్నర లక్షల ప్రాణాలు. పశువుల సూదిమందు చవక కావడం వల్ల కలిగిన లాభం ఆ నష్టంలో ఏ మూలకు సరిపోతుంది? లాభం మందుల దుకాణంలో రసీదు మీద కనిపించింది. నష్టం ఆసుపత్రులలోనూ, శ్మశానాలలోనూ, టీకాలు కొన్న ప్రభుత్వ ఖజానాలలోనూ చెదిరిపోయి ఎవరికీ కనిపించలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేము. 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని నిషేధించింది. నేపాల్, పాకిస్తాన్‌లు అదే సంవత్సరం, బంగ్లాదేశ్ 2010లో అదే బాట పట్టాయి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అప్పటికే అందుబాటులో ఉన్నది. అయితే నిషేధం సీసా మీది చీటీకే పరిమితమైంది. మనుషుల కోసమని పెద్ద సీసాలలో అమ్మే మందు పశువులకు చేరింది. 2007, 2010ల మధ్య 11 రాష్ట్రాలలో 250కి పైగా దుకాణాలలో ఆరా తీయగా నూటికి 36 చోట్ల పశువుకు డైక్లోఫెనాక్ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. మనుషుల సూదిమందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలలోనే అమ్మాలని 2015లో గాని ఉత్తర్వు రాలేదు. దాన్ని తయారీదారులు కోర్టులో సవాలు చేయగా, 2017లో మద్రాసు హైకోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది.

ఇంతకన్నా విచారకరమైనది తర్వాత జరిగింది. డైక్లోఫెనాక్ స్థానంలో వచ్చిన మందులలో కీటోప్రొఫెన్ కూడా రాబందులను చంపుతుందని 2010 నాటికే ప్రయోగాలలో రుజువైంది. ఏసిక్లోఫెనాక్ పశువు శరీరంలోకి వెళ్లి డైక్లోఫెనాక్‌గానే మారుతుందని 2016లో తేలింది. అంటే నిషిద్ధ వస్తువు మారుపేరుతో తిరిగి వచ్చిందన్నమాట. రాబందులకు విషమని తేలిన ఏ మందునైనా పశువైద్యం నుంచి తనంతట తానే తొలగిపోయేలా ఏర్పాటు చేస్తామని కేంద్ర పర్యావరణ శాఖ 2020 నవంబరులో విడుదల చేసిన పంచవర్ష కార్యాచరణ ప్రణాళిక వాగ్దానం చేసింది. అయినా ఈ రెండు మందుల నిషేధానికి 2023 జులై దాకా ఆగవలసి వచ్చింది. నిమెసులైడ్ వంతు 2024 డిసెంబరు ఆఖరున గాని రాలేదు. కీటోప్రొఫెన్‌ను బంగ్లాదేశ్ 2021లోనే నిషేధించింది. ప్రయోగశాలలకు, పరిశోధకులకు కొదవ లేని మన దేశం పొరుగుదేశం వెనుక నడిచిందన్నది గమనార్హం.

లోపం ఏ ఒక్క మందులోనో లేదు, మందులను అనుమతించే క్రమంలోనే ఉన్నది. పశువుకు మేలు చేస్తుందా, పాలలో ఎన్నాళ్లు మిగులుతుంది అన్న ప్రశ్నలు అడుగుతారు. ఆ పశువు చనిపోయాక మందు ఎవరి కడుపులోకి పోతుందన్న ప్రశ్న తప్పనిసరి ప్రశ్నగా లేదు. అందువల్ల ముందు మందు బజారుకు వస్తుంది, తర్వాత పక్షులు చస్తాయి, ఆపై శాస్త్రజ్ఞులు నిరూపిస్తారు, చివరకు గెజెట్ వెలువడుతుంది. రుజువు భారం పక్షి మీద, ఆ పక్షిపై ఆధారపడిన జనం మీద పడుతున్నది. దానిని తయారీదారు మీదకు మార్చాలి. నొప్పి, వాపు తగ్గించే ఏ కొత్త మందుకైనా పశువైద్యంలో అనుమతి కోరేవారు రాబందులకు అది సురక్షితమని ముందుగా చూపాలి. ఇది అసాధ్యమైన కోరిక కాదు. మెలాక్సికామ్ విషయంలో 2006లోనూ, టోల్ఫినామిక్ యాసిడ్ విషయంలో 2022లోనూ అటువంటి పరీక్షలే జరిగి, అవి సురక్షితమని తేలింది. ఆ పరీక్షలు చేయించుకున్నది లాభం గడించే కంపెనీలు కావు, పక్షుల సంరక్షణకు కట్టుబడిన శాస్త్రజ్ఞులు.

కొత్త షరతు వల్ల మందుల ధరలు పెరిగి పేద రైతు నష్టపోతాడన్న వాదన రాకపోదు. మెలాక్సికామ్ కూడా మొదట్లో ఖరీదైనదే. తయారీ విస్తరించిన కొద్దీ దాని ధర దిగివచ్చింది.

నేపాల్ అనుభవం ఆశాజనకంగా ఉన్నది. నవలపరాసి జిల్లా పిథౌలీ గ్రామస్థులు 2006 నుంచి ముసలి పశువులను తెచ్చి సాకి, ఏ హానికర మందూ లేకుండా సహజంగా చనిపోయాక రాబందులకు ఆహారంగా పెడుతున్నారు. దానికి వారు పెట్టుకున్న పేరు జటాయు భోజనశాల. నిషేధం గట్టిగా అమలైన ఆ దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య కొంతమేరకు కోలుకున్నదని సర్వేలు చెబుతున్నాయి. మన దేశంలో హర్యానాలోని పింజోర్, అస్సాంలోని రాణి, పశ్చిమ బెంగాల్‌లోని రాజాభట్‌ఖావా, భోపాల్ కేంద్రాలలో ఈ పక్షులను పెంచుతున్నారు. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ ఒక కేంద్రం ఏర్పడింది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్లు గుర్తించినప్పుడు అటవీ అధికారులు సంబరపడ్డారు.

2015 సర్వే ఆధారంగా వేసిన లెక్కల ప్రకారం దేశంలో తెల్లవీపు రాబందులు 6,000, పొడుగుముక్కువి 12,000, సన్నముక్కువి 1,000 ఉంటాయని అంచనా. ఈ పక్షి ఈడుకు రావడానికి అయిదేళ్లు పడుతుంది, ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పెంపక కేంద్రాల నుంచి వదిలిన పక్షులు అడవి దాటి ఊళ్ల మీదకు వచ్చి కళేబరాలపై వాలక తప్పదు. అవి వాలేలోగా పశువుల మందుల అనుమతి నిబంధనలలో ఆ ఒక్క షరతును కేంద్ర ఔషధ నియంత్రణాధికారి చేర్చవలసి ఉన్నది.