మూలమేది? ఊహ యేది?

ఋగ్వేద ప్రథమమండలమున ఏబదవ సూక్తము సూర్యదేవతాకము. అందలి నాలుగవ మంత్రమునకు భాష్యము వ్రాయుచు సాయణాచార్యులు, సూర్యుడు అర్ధనిమేషమున 2,202 యోజనములు సంచరించునని తెలుపు ఒక ప్రాచీనవచనమును ఉదాహరించిరి. ఆ సంఖ్యను కిలోమీటర్లలోనికి మార్చి, ఆధునిక భౌతికశాస్త్రము నిర్ణయించిన కాంతివేగముతో, అనగా సెకనుకు 2,99,792 కిలోమీటర్లతో, సరిపోవుచున్నదని చెప్పు వ్యాసములు కొన్ని దశాబ్దములుగా వెలువడుచున్నవి. సభలలో ఈ మాట వినబడినంతనే కరతాళధ్వనులు మ్రోగును. సంస్కృతవిద్యను జీవితముగా చేసికొన్నవారికి అట్టి మాట ప్రీతికరమగుట సహజమే. కాని ప్రీతికరమైనంత మాత్రమున అది సిద్ధాంతము కానేరదు. దానిని పరీక్షింపవలెను.

ఆ వచనమున సంఖ్య స్పష్టము, కొలతలు అస్పష్టములు. యోజనమెంత? నిమేషమెంత? భాష్యమున ఆ తావున నిర్వచనము లేదు. కావున ఇతర గ్రంథములను ఆశ్రయింపవలసి యున్నది. భూవ్యాసమును ఆర్యభటుడు 1,050 యోజనములనెను. సూర్యసిద్ధాంతము 1,600 యోజనములనెను. భూవ్యాసము సుమారు 12,742 కిలోమీటర్లు గనుక మొదటి మతమున యోజనము 12 కిలోమీటర్లకు కొంచెము అధికము. రెండవ మతమున 8 కిలోమీటర్లకు కొంచెము న్యూనము. అట్లే విష్ణుపురాణమున 15 నిమేషములు ఒక కాష్ఠ. మనుస్మృతిలో 18 నిమేషములు. 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక ముహూర్తము, 30 ముహూర్తములు ఒక అహోరాత్రము అనుట రెంటను సమానము. దానిచే నిమేషము మొదటి పక్షమున సుమారు 0.213 సెకను, రెండవ పక్షమున సుమారు 0.178 సెకను అగును.

ఈ మానములను కూర్చినచో నాలుగు వేగములు లభించును. సూర్యసిద్ధాంత యోజనమును విష్ణుపురాణ నిమేషముతో కూర్చినచో సెకనుకు సుమారు 1,64,000 కిలోమీటర్లు. మనుస్మృతి నిమేషముతో కూర్చినచో 1,97,000. ఆర్యభటుని యోజనమును విష్ణుపురాణ నిమేషముతో కూర్చినచో 2,50,000; మనుస్మృతి నిమేషముతో కూర్చినచో 3,00,000. నాలుగవది కాంతివేగమునకు మిక్కిలి సన్నిహితము. మొదటిది దానిలో సగమునకు కొంచెము అధికము మాత్రమే.

నాలుగింటిని పాఠకుని ముందుంచి, నాలుగవదానినే గ్రహించుటకు తగిన ప్రమాణము తనకు ఇంకను లభింపలేదని వ్రాయువాడు పరిశోధకుడు. నాలుగవదానిని మాత్రము చూపి మూడింటిని దాచినవాని గుణకారభాగహారములలో దోషము లేకపోవచ్చును. అయినను అతడు పాఠకుని వంచించినవాడే యగును. ఆర్యభటుని యోజనమునే ఏల గ్రహింపవలెనని అడిగినచో, కాంతివేగము వచ్చుచున్నది గనుక అనుటకంటె అతనికి వేరు సమాధానము లేదు. సాధింపవలసినదానినే హేతువుగా చెప్పుట యిది. తర్కము చదివినవారమైన మనకు ఇట్టి హేతువునకు ఏ పేరు కలదో ఒకరు చెప్పనక్కరలేదు. మరియొక శంకయు కలదు. ఆ వచనము సంచరించు సూర్యుని సంబోధించుచున్నది. అచట కాంతి యను అర్థము మనము కల్పించుకొన్నది. శబ్దముచే లభించినది కాదు.

ఇట్లు శంకించుట మన పూర్వులను తక్కువ చేయుట కాదా యని కొందరడుగుదురు. వారి ఆవేదన నిజమైనదే. మన విద్యలను అకారణముగా తృణీకరించినవారు లేకపోలేదు. కాని పూర్వులు చెప్పనిదానిని వారికి అంటగట్టుటయే వారికి మనము చేయు అపచారము. ఆ ఆరోపము ఖండింపబడిననాడు, భూమి తన అక్షముపై తిరుగుచున్నదని ఆర్యభటుడు నిజముగా చెప్పిన మాటయు, మాధవుని సంప్రదాయమువారు నిజముగా సాధించిన అనంతశ్రేఢులును అదే శంకకు గురియగును. అసత్యము ఒక్కటి చేరినచో సత్యములు పదియు వెలవెలబోవును.

పూర్వుల నడవడిని చూడుడు. కేరళమున పరమేశ్వరుడు ఏబదియైదు సంవత్సరములు గ్రహణములను, గ్రహగతులను పరిశీలించెనని నీలకంఠ సోమయాజి తెలిపెను. గురుపరంపరగా వచ్చిన పరహితగణితము ఆకాశమున కనబడుదానితో పొసగకుండుటను గమనించి, పరమేశ్వరుడు 1431లో దృగ్గణితమును రచించెను. గురువులపై ఆయనకు భక్తి తక్కువయని ఎవరనగలరు? శాస్త్రమును లోపముతో విడువక దిద్దుటయే ఆయన భక్తి. వినయమనగా పెద్దలయెదుట తలవంచుట యని మనము తలంతుము. పరిశోధనమున తలవంచవలసినది ప్రమాణమునకు.

ఈ విషయమున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు బాధ్యత అధికము. మూలభాషను ఎరుగని విజ్ఞానశాస్త్రవేత్త మన మాటను నమ్ముకొని యున్నాడు. విజ్ఞానశాస్త్రమెరుగని మన విద్యార్థియు మననే నమ్ముకొని యున్నాడు. ఇరువురికిని నడుమ నిలిచినవాడు తూకము తప్పరాదు. కావున సిద్ధాంతవ్యాసములలో మూలము చెప్పినది, వ్యాఖ్యాత చెప్పినది, పరిశోధకుడు ఊహించినది అను మూటిని వేరువేరుగా చూపుట నియమము కావలెను. ప్రతికూలమైన పాఠములను, కొలతలను పరిశోధకుడే ముందుగా పేర్కొనవలెను. పరీక్షకుడు అడుగువరకు వేచియుండరాదు. ఆధునికశాస్త్రవిషయము ఫలానా గ్రంథమున లేదని శ్రమించి తేల్చిన విద్యార్థికి, ఉన్నదని తేల్చినవానితో సమానముగా పట్టమొసగవలెను. లేదను నిర్ణయమునకు విలువ లేనిచోట, ఉన్నదను నిర్ణయమునకును విలువ ఉండదు.

తెలుగుదేశమున పుట్టిన కోలాచల మల్లినాథసూరి, మూలములేనిదానిని వ్రాయనను నియమమును తనకు తానే విధించుకొని కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. కావ్యమునకే అంతటి నియమము అవసరమైనప్పుడు, విజ్ఞానశాస్త్రమును గూర్చి వ్రాయు మనకు అంతకంటె తక్కువ చాలునా? విజ్ఞులు ఆలోచింతురు గాక.