ఆ ఏడూ ఎక్కడికి పోయాయి?

తెనాలిలో మా పక్కింటి అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. మొన్న లెక్కల పరీక్షలో నూటికి 93 తెచ్చుకున్నాడు. పేపరు పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, వాళ్ల నాన్న అడిగిన మొదటి మాట: ‘‘మిగతా ఏడూ ఎక్కడ పారేశావురా?’’

గోడకి ఇవతల కాఫీ తాగుతున్న నాకు ఠక్కున వెంకటపతి రాజు గుర్తొచ్చాడు.

క్రికెట్ చూసే ఇళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. బక్కపలచని మనిషి. ఎడమచేతి వాటం స్పిన్నరు. హైదరాబాద్ జట్టు నుంచి ఎదిగి 1990లో న్యూజిలాండ్‌లో మొదటి టెస్టు ఆడాడు. అదే ఏడాది చండీగఢ్‌లో 12 పరుగులే ఇచ్చి ఆరుగురు శ్రీలంక బ్యాట్స్‌మెన్‌ను ఇంటిదారి పట్టించాడు. 1993లో కుంబ్లే, రాజేశ్ చౌహాన్‌లతో కలిసి ఇంగ్లండ్‌ను తిప్పేశాడు. ఆ సిరీస్ 3-0తో మనదే. మరుసటి ఏడాది అహ్మదాబాద్‌లో ఒక్క టెస్టులోనే 11 వికెట్లు! ఈ ఊపు చూసి, వంద వికెట్లు ఇతనికి ఎంతలో పని అనుకున్నారు అభిమానులు.

కానీ జట్టులో చోటు కొన్నాళ్లు ఉండేది, కొన్నాళ్లు ఉండేది కాదు. 2001 మార్చి వచ్చేసరికి వయసు 31. చేతిలో 27 టెస్టులు, 92 వికెట్లు. కుంబ్లే భుజం గాయంతో దూరం కావడంతో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద ఆడే అవకాశం వచ్చింది. వందకు ఎనిమిదే తక్కువ. టెస్టుకు సగటున మూడుకు పైగా తీసే బౌలర్‌కి ఎన్ని మ్యాచ్‌లు కావాలి? రెండు, మహా అయితే మూడు. కాగితం మీద లెక్క అంత తేలిక!

ఆ టెస్టు సంగతి వేరే చెప్పాలా? లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, హర్భజన్ హ్యాట్రిక్. ఫాలోఆన్ ఆడిన జట్టు 171 పరుగులతో గెలిచింది. అంత సందడిలో రాజుకు దక్కింది ఒకే ఒక్క వికెట్. లెక్క 93కి చేరింది. తర్వాతి చెన్నై టెస్టుకు వేరే స్పిన్నర్లను తీసుకున్నారు. రాజుకు మళ్లీ పిలుపు రాలేదు. ఆ 93 అలాగే ఉండిపోయింది.

బౌలర్ లెక్క అతనొక్కడి చేతిలో ఉండదు మరి. సెలక్టర్లు పిలవాలి, కెప్టెన్ బంతి ఇవ్వాలి, పిచ్ తిరగాలి, ఎగిరిన క్యాచ్‌ను ఎవరో ఒకరు పట్టాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అంకె ఆగిపోతుంది.

లక్ష్మణ్‌ది మరో తీరు. 134 టెస్టుల్లో 8,781 పరుగులు. తొమ్మిది వేలకు 219 దూరం. 2012 ఆగస్టులో సొంతూరు హైదరాబాద్‌లోనే టెస్టు, జట్టులో పేరు కూడా ఉంది. అయినా ఆడకుండానే సెలవు తీసుకున్నాడు. ఒకరికి అవకాశం రాలేదు, ఇంకొకరు వచ్చినదాన్ని వదులుకున్నారు. ఇద్దరిలో ఎవరినైనా తక్కువ అనగలమా?

అన్నట్టు, కోల్‌కతాలో రాజు తీసిన ఆ ఒక్క వికెట్ ఎవరిదో తెలుసా? మార్క్ వా. చివరి రోజు, సున్నాకే ఎల్బీడబ్ల్యూ. మ్యాచ్ డ్రా చేసుకుని బయటపడదామని ఆస్ట్రేలియా పోరాడుతున్న వేళ పడిన వికెట్ అది. రాని ఏడింటి గురించి అడిగేవాళ్లు చాలామంది. వచ్చిన ఆ ఒక్కటి ఎంత బరువైనదో చూసేవాళ్లే తక్కువ.

సాయంత్రం పక్కింటికి వెళ్లి పిల్లాడి పేపరు అడిగి చూశాను. అన్నిటికన్నా కష్టమైన లెక్క ఆఖరి పేజీలో ఉంది. దానికి పూర్తి మార్కులు పడ్డాయి. వాళ్ల నాన్న ఇంకా ఆ పేజీదాకా రాలేదు.