కారు విడిచిన బ్యాటరీ ఇంటికి దీపమగునా?



ఈ మాసము మాకు అందిన ఉత్తరములలో ఒకటి మమ్మును చాలా ఆలోచింపజేసినది. గోదావరి ఒడ్డునున్న ఒక గ్రామము నుండి ఒక సహోదరి వ్రాశారు. ఆమె భర్త బొగ్గు గనిలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఊపిరితిత్తుల జబ్బు వలన రాత్రివేళ ఆక్సిజన్ మిషను పెట్టుకొని పడుకుంటారు. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నది గాని రెండు గంటలకు మించి లాగదు. కరీంనగర్‌లో ఎలక్ట్రీషియన్ పని చేసే వారి కుమారుడు, పాత సామాన్ల దుకాణములో ప్రమాదానికి గురైన ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ తక్కువ ధరకు దొరుకుతుందనీ, దానిని ఇంటికి బిగిస్తే వారము రోజులు కరెంటు లేకున్నా నాయన మిషను ఆగదనీ అంటున్నాడట. "అయ్యగారూ, కాదంటే పిల్లగాడు చిన్నబుచ్చుకుంటడు, ఔనంటే నాకు భయమైతది. ఏం జేయమంటరు?" అని ఆమె అడిగారు.

మాకు కరెంటు పని తెలియదు. గనుక విద్యుత్ శాఖలో పనిచేసిన మా సంఘపు పెద్ద ఒకరిని కూర్చోబెట్టుకొని, రెండు సాయంత్రములు ఈ సంగతి అడిగి తెలుసుకొన్నాము. ఇటువంటి ప్రశ్న రేపు చాలా ఇండ్లలో పుట్టబోతున్నది గనుక జవాబు అందరి కొరకు వ్రాస్తున్నాము.

మేము బడికి వెళ్లే రోజులలో గాసునూనె దీపము క్రిందనే చదువుకొన్నాము. రాత్రి కూటములకు పెట్రోమాక్సు లైటు అద్దెకు తెచ్చేవారు. ఆ దినములు పోయినవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు ఇస్తున్నారు. అయినను వేసవిలో గాలిదుమారము వచ్చి స్తంభము పడితే, ఆదిలాబాద్ లోపలి గూడెములలో లైను సరిచేసేసరికి తెల్లవారుతుంది. ఆరోగ్యవంతులకు అది ఉక్కపోత మాత్రమే. ఆ సహోదరి ఇంట్లో అది ఊపిరి ప్రశ్న.

ఇక బ్యాటరీ సంగతి. ఎలక్ట్రిక్ వాహనము ఇప్పుడు మనకు కొత్త కాదు. 2024 సెప్టెంబరులో కరీంనగర్ నుండి హైదరాబాదుకు ఎలక్ట్రిక్ బస్సులు కూడా మొదలైనవి. ఈ బండ్లలో ఉండేది లిథియం బ్యాటరీ. ఏండ్లు గడిచేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. కొత్తప్పుడు ఉన్న శక్తిలో 70, 80 శాతానికి దిగినప్పుడు అది బండికి చాలదంటారు. ఒక్కసారి చార్జింగుతో బండి పోయే దూరము తగ్గిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కావలసిన బలము అందదు. అయితే ఇంటికి అంత బలము అవసరము లేదు. కారు పరుగెత్తేటప్పుడు వేల వాట్లు లాగుతుంది, మన ఇల్లు రాత్రివేళ నాలుగైదు వందల వాట్లే లాగుతుంది. దుక్కికి ఆగని ముసలి ఎద్దు ఎరువు బండిని మెల్లగా లాగినట్లు, కారు విడిచిన బ్యాటరీ ఇంట్లో మరి కొన్ని ఏండ్లు పనిచేయగలదు. గనుక ఆ పిల్లవాని ఆలోచన పిచ్చిది కాదు.

లోకములో దీనిని చేస్తున్నవారున్నారు. జపానులో 2011 భూకంపము, సునామీ, అణు ప్రమాదములతో ఖాళీ అయిన ఊళ్లలో నమీయె ఒకటి. ఆ ఊరిలోనే 2018లో, నిస్సాన్ కార్ల పాత బ్యాటరీలను పరీక్షించే కర్మాగారము తెరిచారు. అక్కడ ప్రతి బ్యాటరీని కొలిచి మూడు తరగతులు చేస్తారు. మంచివి మరల కార్లకు, తరువాతివి సామాను ఎత్తే బండ్లకు, మిగిలినవి కరెంటు పోయినప్పుడు వాడుకొనే నిల్వకు వెళ్తాయి. మన దేశములో బెంగళూరుతో సంబంధమున్న నునామ్ అనే సంస్థ 2022లో ఆడి కంపెనీ పరీక్షా కార్ల పాత బ్యాటరీలతో మూడు ఎలక్ట్రిక్ రిక్షాలు తయారుచేసినది. రెండు చోట్లా మొదటి పని పరీక్షయే. పరీక్షించకుండ ఎవరూ పాత బ్యాటరీని ఇంటికి పంపడములేదు.

ఇప్పుడు ఆ ఇంటికి ఎంత కావాలో లెక్క చూద్దాము. ఆక్సిజన్ మిషను సుమారు 350 వాట్లు. ఎనిమిది గంటలకు 2.8 యూనిట్లు. ఒక ఫ్యాను, ఒక చిన్న బల్బు కలిపితే మూడున్నర యూనిట్లు. మామూలు ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు అనుకొంటే అందులో 1.8 యూనిట్లు ఉంటాయి. పాడు కాకుండ వాడగలిగేది అందులో సగమే. అందుకే రెండు గంటలకే ఆగిపోతున్నది. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ కొత్తప్పుడు 30 యూనిట్లది. 70 శాతానికి దిగితే 21 యూనిట్లు. అడుగున అయిదవ వంతు మిగుల్చుకొని, ఇన్వర్టరులో పోయే నష్టము తీసివేస్తే 15 యూనిట్లు చేతికి వస్తాయి. అంటే నాలుగు రాత్రులు, వారము కాదు.

కాని ఆ కుటుంబానికి నాలుగు రాత్రులు ఎందుకు? కావలసినది ఒక రాత్రి. తెల్లవారి కరెంటు వస్తే మరల నిండుతుంది. అయిదు యూనిట్ల చిన్న లిథియం బ్యాటరీ ఆ పనికి సరిపోతుంది. కారు బ్యాటరీ అంతటినీ ఇంట్లోకి తేవలసిన అవసరము లేదు.

తేవడములో ఉన్న అపాయము చెప్పాలి. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 300 వోల్టులకు పైబడి ఉంటుంది. అది డీసీ కరెంటు. స్విచ్చి కట్టినంత మాత్రాన దాని నిప్పురవ్వ సులువుగా ఆరదు. మన ఇండ్లలో వాడే మామూలు ఎంసీబీ దానిని ఆపలేదు. ఇంటి వైరింగు తెలిసిన చేయి దీనికి చాలదు. మరియు అది దెబ్బతిన్న బండిది. అమెరికాలో 2011లో ప్రభుత్వమువారు పరీక్ష కొరకు ఢీకొట్టించిన ఒక కారు, మూడు వారాల తరువాత నిలిపిన చోటనే అంటుకొన్నది. లోపలి గాయము బయటికి కనబడదు. నీట మునిగిన బండి బ్యాటరీ కూడా అటువంటిదే. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల కాలనీలు మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలిచినవో మనము చూశాము.

అదే 2022లో, ఏప్రిల్ మాసమున, మన పొరుగు నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, అక్కడే పడుకొన్న ఒక వృద్ధుడు చనిపోయాడు. సెప్టెంబరులో సికిందరాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణములో నిప్పు పుట్టి, పైనున్న లాడ్జిలో 8 మంది మరణించారు. అవి చిన్న స్కూటర్ల బ్యాటరీలు. కారుది వాటికి ఎన్నో రెట్లు పెద్దది. పైగా ఆ ఇంట్లో ఆక్సిజన్ ఉన్నది. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పు కూడా పెద్దదవుతుంది.

చాలామందికి తెలియని మరొక అపాయము ఉన్నది. ఇంటి బ్యాటరీని సరైన మార్పిడి స్విచ్చి లేకుండ మెయిను వైర్లకు కలిపితే, కరెంటు పోయినప్పుడు మన ఇంటి 230 వోల్టులు వెనుకకు లైనులోకి వెళ్తాయి. ట్రాన్స్‌ఫార్మరు దానిని 11,000 వోల్టులు చేస్తుంది. కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలి అవుతాడు. వానలో మన ఇంటి వెలుగు కొరకే స్తంభమెక్కిన అతనికి కూడా ఇంట్లో భార్యాపిల్లలున్నారు. కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ పడిపోకుండ పైకప్పుకు పిట్టగోడ కట్టాలని ధర్మశాస్త్రములో ఆజ్ఞ ఉన్నది. ఆ మార్పిడి స్విచ్చి మన కాలపు పిట్టగోడ అని మేము తలంచుచున్నాము.

గనుక ఆ సహోదరికీ, ఇటువంటి ఆలోచన గలవారందరికీ మా మాట ఇది.

మొదటిది, పాత సామాన్ల దుకాణము నుండి కారు బ్యాటరీ తేవద్దు, ఇంట్లో విప్పవద్దు. కేంద్ర ప్రభుత్వము 2022లో చేసిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారము, పాతవాటిని సేకరించి బాగుచేయించుట లేక కరిగించి తిరిగి వాడుకొనేటట్లు చేయుట తయారీదారుల బాధ్యత. వాటిని చెత్తలో పారవేయకుండ ఆ పని చేసేవారికి అప్పగించుట మన బాధ్యత.

రెండవది, బాగుచేసిన బ్యాటరీ కొనదలిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ బండిది, ఏ సంవత్సరముది? పరీక్షలో ఎంత శాతము శక్తి తేలినది? ప్రతి సెల్లును, వేడిని కనిపెట్టి తనంతట తాను ఆపివేసే బీఎంఎస్ ఉన్నదా? బిల్లు, వారంటీ కాగితము ఇస్తారా? ఒక్కదానికి జవాబు లేకున్నా లేచి రండి. సాధ్యమైతే ఎల్‌ఎఫ్‌పీ రకము అడగండి. వేడికి అది మిగతావాటికంటె ఎక్కువ ఓర్చుకొంటుంది.

మూడవది, పాత ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ ఊరకే తగిలించవద్దు. అయిదు యూనిట్ల బ్యాటరీ సాధారణముగా 48 వోల్టులది, మన చిన్న ఇన్వర్టర్లు 12 వోల్టులవి. చార్జింగు పద్ధతి కూడా వేరు. దానికి తగిన ఇన్వర్టరే కావాలి.

నాల్గవది, పడకగదిలో, వంటింట్లో, మెట్ల క్రింద, గడ్డివాము ప్రక్కన పెట్టవద్దు. నీడ, గాలి ఉన్న బయటి గోడ మంచిది. మన వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల క్రింద పెట్టిన బ్యాటరీ త్వరగా చెడుతుంది. ఉబ్బినా, వాసన వచ్చినా ముట్టుకొనవద్దు. అందరూ బయటికి వచ్చి 101కు ఫోను చేయండి.

అయిదవది, సౌర పలకలు పెట్టుకొన్నవారు గమనించండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకము క్రింద చాలామంది పెట్టించుకొంటున్నారు. కాని బ్యాటరీ లేని ఏర్పాటు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. అది లోపము కాదు, లైన్‌మన్ ప్రాణము కొరకే అట్లు చేశారు. రాత్రి వెలుగు కావాలంటే బ్యాటరీ వేరుగా కావాలి. ఏది బిగించినా ముందుగా విద్యుత్ సంస్థవారికి తెలియజేయండి. సిరిసిల్ల ప్రాంతమువారు 1970 నుండి ఉన్న తమ సహకార విద్యుత్ సంఘమువారిని అడగవచ్చును.

చివరిగా ఆ సహోదరికి ఒక మాట. ఎంత మంచి బ్యాటరీ అయినా ఒకనాడు ఆగవచ్చును. గనుక డాక్టరును అడిగి ఒక ఆక్సిజన్ సిలిండరు సిద్ధముగా ఉంచుకొనండి. దానిని బ్యాటరీకి దూరముగా ఉంచండి.

మీ కుమారుని గద్దించవద్దు. నాయన ఊపిరి కొరకు రాత్రి నిద్ర మాని ఆలోచించిన బిడ్డ అతడు. ఈ లెక్కలు అతనికి విడిగా వ్రాసి పంపాము. లిథియం బ్యాటరీల పని పద్ధతిగా నేర్చుకొంటే, రేపు మన ఊళ్లలో ఆ పని తెలిసినవాడు ఒకడుంటాడు. అతడు నేర్చుకొనేవరకు తండ్రి మంచము ప్రక్కన ఆ పెట్టె ఉండకూడదు.

ప్రభువు మీ ఇంటి వెలుగును, మీ ఇంటివారి ఊపిరిని కాపాడునుగాక.