మేధావి రాష్ట్రపతి అనే మోజు

రాష్ట్రపతి ఎన్నిక దగ్గరపడిందంటే మన దగ్గర ఒక కోరిక బయటికొస్తుంది: ఈ రాజకీయ నాయకులెవరూ వద్దు, మళ్లీ కలాం లాంటి మేధావి కావాలి. టీవీ చర్చలో రిటైర్డ్ ప్రొఫెసరుగారు అంటారు, బడి వార్షికోత్సవంలో ముఖ్య అతిథి అంటాడు, వాట్సాప్‌లో బంధువుల గ్రూపు అంటుంది. ఇందులో కలాం మీద ఉన్న అభిమానంతో నాకు పేచీ లేదు. కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్‌ క్షిపణి ప్రయోగశాలను నడిపిన మనిషి, డాక్టర్ సోమరాజుతో కలిసి చవకలో గుండె స్టెంటు తయారు చేసిన మనిషి. హైదరాబాదు ఆయన్ని సొంతం చేసుకుంటే తప్పేముంది? నా పేచీ ఆ అభిమానం చాటున దాక్కున్న నమ్మకంతో. రాకెట్టు ఎగరేసిన బుర్రకు రాష్ట్రపతి పని ఏపాటి అన్న నమ్మకం అది.

ఆ పని ఎలా ఉంటుందో 2005 మే 22 రాత్రి చూద్దాం. ఆ ఫిబ్రవరిలో బిహార్‌లో జరిగిన ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. మార్చిలో రాష్ట్రపతి పాలన పెట్టి, అసెంబ్లీని సుప్తచేతనావస్థలో ఉంచారు. గెలిచిన 243 మంది ఒక్కసారి కూడా సభలో కూర్చోలేదు. మే నెలలో నితీశ్ కుమార్ వైపు మద్దతు కూడుతోందన్న వార్తలు వచ్చాయి. ఎమ్మెల్యేల బేరసారాలు జరుగుతున్నాయి, సభను రద్దు చేయండని గవర్నర్ బూటాసింగ్ ఢిల్లీకి రాశారు. కేంద్ర కేబినెట్ రాత్రివేళ కూర్చుని సరే అంది. రాష్ట్రపతి కలాం విదేశీ పర్యటన మీద మాస్కోలో ఉన్నారు. కాగితం ఫ్యాక్సులో వెళ్లింది, సంతకమై తిరిగొచ్చింది. తెల్లారేసరికి బిహార్ అసెంబ్లీ లేదు.

ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు ఆ అక్టోబరులోనే తేల్చింది, 2006 జనవరిలో పూర్తి తీర్పు ఇచ్చింది. గవర్నరు రాసిన నివేదికను సరిచూసుకోకుండా కేబినెట్ గుడ్డిగా నమ్మిందని తప్పుపట్టింది. కోర్టు వేలు చూపింది గవర్నరు వైపు, మంత్రివర్గం వైపు. కానీ ఆ కాగితం మీద చివరి సంతకం ఎవరిదో దేశానికి తెలుసు. కలాంకి ఇంకా బాగా తెలుసు. ‘టర్నింగ్ పాయింట్స్’ పుస్తకంలో ఆయన ఆ రాత్రి సంగతి దాచలేదు. ఇంత తొందర ఎందుకని ప్రధాని మన్మోహన్‌సింగ్‌ను ఫోనులో అడిగారట. తిప్పి పంపినా ఎలాగూ మళ్లీ వస్తుందన్న ఆలోచనతో సంతకం పెట్టారట.

అంటే సరైన ప్రశ్న ఆయనకు తట్టింది. తట్టాక దాన్ని పట్టుకుని కూర్చోలేదు.

ఇప్పుడు ఆయనకంటే ముందు ఆ కుర్చీలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్దాం. కె.ఆర్. నారాయణన్. కొట్టాయం జిల్లా ఉళవూరులో ఒక దళిత కుటుంబంలో పుట్టి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో హెరాల్డ్ లాస్కీ దగ్గర చదువుకుని, విదేశాంగ శాఖలో రాయబారిగా పనిచేసినవాడు. చదువులో ఆయనా తక్కువవాడేం కాదు. అయినా ఆయన బొమ్మ మన బడి గోడల మీద కనపడదు, ఆయన మాటలని చెప్పి ఎవరూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజీలు పంపరు.

1997 అక్టోబరులో, ఆయన పదవిలోకి వచ్చి మూడు నెలలకే, ఉత్తరప్రదేశ్ ఫైలు వచ్చింది. అసెంబ్లీలో మైకులు విరగ్గొట్టి ఒకరి మీద ఒకరు విసురుకున్న రోజున కల్యాణ్‌సింగ్ బలపరీక్ష నెగ్గారు. గవర్నర్ రొమేశ్ భండారీ రాష్ట్రపతి పాలన పెట్టాలన్నారు, గుజ్రాల్ కేబినెట్ తలూపింది. నారాయణన్ ఫైలు తిప్పి పంపారు. బలం ఉందో లేదో సభలోనే తేలాలని బొమ్మై కేసులో 1994లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది, సభలో తేలింది కూడా. ఇంక సంతకం దేనికి? కేబినెట్ ఆ సిఫారసును మళ్లీ పంపలేదు.

ఏడాది తిరక్కుండా బిహార్ వచ్చింది. అవును, అదే బిహార్. ఈసారి ఢిల్లీలో వాజపేయి, పట్నాలో రబ్రీదేవి, గవర్నర్ సుందర్‌సింగ్ భండారీ. (రెండుసార్లూ భండారీలే కావడం కాకతాళీయం.) 1998 సెప్టెంబరులో ఆ సిఫారసునూ నారాయణన్ వెనక్కి పంపారు. మొదటిసారి లాభపడింది బీజేపీ ముఖ్యమంత్రి, రెండోసారి బీజేపీకి బద్ధవిరోధి. అడిగిన ప్రశ్న మాత్రం మారలేదు. రెండోసారి తిరిగొచ్చింది కదా అంటారు. వచ్చింది, అయిదు నెలల తర్వాత, 1999 ఫిబ్రవరిలో. రాజ్యాంగం ప్రకారం అప్పుడాయన సంతకం పెట్టక తప్పలేదు. కానీ రాజ్యసభలో అది నెగ్గే దారి లేక కేంద్రం తనే వెనక్కి తగ్గింది, రబ్రీదేవి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

కాబట్టి ‘ఎలాగూ మళ్లీ వస్తుంది’ అన్నది అనుభవం చెప్పిన మాట కాదు. ఒకసారి రాలేదు, ఒకసారి వచ్చీ నిలవలేదు. ఈ రెండూ కలాం కూర్చున్న భవనంలోనే, ఆయనకు ముందున్న మనిషి చేతుల మీదుగానే జరిగాయి. మాస్కోలో ఆ రాత్రి కావలసింది క్షిపణి శాస్త్రం కాదు, పక్క బీరువాలోని పాత ఫైలు.

కేబినెట్ చెప్పినట్టు రాష్ట్రపతి వినాల్సిందే కదా అని వాదించేవాళ్లుంటారు. వినాల్సిందే. కానీ 1978లో 44వ సవరణ ఒక కిటికీ తెరిచింది: ఒకసారి, ఒకే ఒక్కసారి, మళ్లీ ఆలోచించండని వెనక్కి పంపవచ్చు. ఆ ఒక్కసారిని ఎప్పుడు, దేనికి వాడుకోవాలో తెలియడమే ఆ పదవిలో తెలివి. కలాంకి కూడా ఇది తెలియనిది కాదు. 2002 ఆగస్టులో, అభ్యర్థుల నేరచరిత్ర వెల్లడి మీద తెచ్చిన ఆర్డినెన్సును ఆయన వెనక్కి పంపారు. కేబినెట్ వెంటనే దాన్ని తిరిగి పంపింది, ఆయన సంతకం పెట్టారు. ఆ చేదే మాస్కోలో ఆయన్ని వెనక్కి లాగిందేమో. నాకలాగే అనిపిస్తుంది, రుజువు లేదు.

చదువు మీద మోజు పోగొట్టుకోవాలంటే రాష్ట్రపతిగా చేసిన జైల్‌సింగ్‌ను కాసేపు తలచుకోవాలి. పెద్దగా బడి చదువు లేదని, ఇందిరాగాంధీ చెబితే చీపురైనా పడతానన్నాడని ఆయన్ని దేశమంతా ఎగతాళి చేసింది. 1986లో జనం ఉత్తరాలు విప్పి చదివే అధికారం ప్రభుత్వానికి కట్టబెట్టే పోస్టల్ బిల్లు పార్లమెంటు రెండు సభల్లోనూ నెగ్గి ఆయన బల్ల మీదికొచ్చింది. ఆయన సంతకం పెట్టలేదు, తిప్పీ పంపలేదు. తిప్పి పంపితే మళ్లీ వస్తుంది, అప్పుడు తప్పదు. రాష్ట్రపతి ఎన్నాళ్లలో తేల్చాలో రాజ్యాంగం గడువు పెట్టలేదు. ఆ సందు కనిపెట్టి, బిల్లును అలాగే ఉంచి 1987లో ఆయన ఇంటికెళ్లిపోయారు. తర్వాత వచ్చిన వెంకట్రామన్, పేరున్న లాయరు, ఆయనా సంతకం పెట్టలేదు. రాజీవ్‌గాంధీ మీద కోపంతో జైల్‌సింగ్ అలా చేశాడని అంటారు, కొంత నిజమే కావచ్చు. మన ఉత్తరాలు మాత్రం అప్పటికి మిగిలాయి.

అలాగని చదువులేనితనమే గొప్ప అనను. అనుభవమే గొప్ప అని కూడా అనను. మన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డికి ఉన్నంత రాజకీయానుభవం ఏ రాష్ట్రపతికుంది? ముఖ్యమంత్రిగా చేశారు, లోక్‌సభ స్పీకరుగా చేశారు, 1977లో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్ సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేస్తే, నాకు బలముందని జగ్జీవన్‌రామ్ అంటుండగానే లోక్‌సభను రద్దు చేశారు. దళిత ప్రధాని అయ్యే అవకాశం ఆ ఒక్క సంతకంతో పోయిందన్న నింద నేటికీ పోలేదు. అక్కడా అదే లోపం: సభలో తేలాల్సింది సంతకంతో తేలిపోయింది.

నారాయణన్‌కు ముందున్న శంకర్‌దయాళ్ శర్మది కేంబ్రిడ్జి డాక్టరేటు, అదీ న్యాయశాస్త్రంలో. 1984లో మన రాష్ట్ర గవర్నరుగా ఎన్టీఆర్‌ను తిరిగి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే, ఆ మేలు తెలుగువాళ్లం మరవకూడదు. 1996లో రాష్ట్రపతిగా, మెజారిటీ లెక్క అడక్కుండా వాజపేయిని పిలిచారు, ఆ ప్రభుత్వం 13 రోజులకే పడిపోయింది. 1998లో అదే ప్రశ్న నారాయణన్ ముందుకొస్తే, మద్దతు లేఖలు తెమ్మన్నారు. పిలిచాక ఎందుకు పిలిచారో ప్రకటనలో రాశారు. ఎవరి లేఖ వచ్చింది, మొత్తం ఎంత, తెలుగుదేశం 12 మంది తటస్థంగా ఉంటామనడంతో లెక్క ఎలా మారింది, అన్నీ అందులో ఉన్నాయి.

శర్మ, నారాయణన్‌ల మధ్య ఉన్న తేడా చిలకలూరిపేట కేసులో ఇంకా గట్టిగా తెలుస్తుంది. 1993 మార్చిలో బస్సు దోపిడీకి దిగిన ఇద్దరు దళిత యువకులు పెట్టిన మంటల్లో 23 మంది కాలిపోయారు. ఘోరం, సందేహం లేదు. ఇద్దరికీ ఉరి పడింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది, క్షమాభిక్షను శర్మ తోసిపుచ్చారు. 1997 మార్చిలో ఉరి తేదీ కూడా పెట్టేశారు. పౌరహక్కుల సంఘాల వాళ్లు సుప్రీంకోర్టు తలుపు తట్టి ఆపించారు. జులైలో రాష్ట్రపతి మారారు, మళ్లీ అర్జీ వెళ్లింది, 1998లో నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. నేరం అదే, తీర్పు అదే. ముందున్నాయన ఒకసారి కాదన్నాడు గదా అని కొత్తాయన ఫైలు మూసేయలేదు.

నారాయణన్ దేవుడేం కాదు. 1999లో సోనియాగాంధీ చెప్పిన 272 మంది ఎంపీల మద్దతు లెక్క కోసం మరీ ఎక్కువ ఎదురుచూశారన్న విమర్శ ఉంది, కొట్టిపారేయలేం. 2002లో గుజరాత్ మీద వాజపేయికి లేఖలు రాశారు, వాటి వల్ల జరిగిందేమీ లేదు.

కలాం అభిమానులు ఎందుకో ఎత్తని సంగతి ఒకటుంది. బిహార్ తీర్పు తర్వాత ఆయన రాజీనామా లేఖ రాసుకున్నారు, ప్రధాని వారిస్తే ఆగారు. 2006 మేలో లాభదాయక పదవుల్లో ఉన్న ఎంపీల అనర్హత తప్పించే బిల్లు వచ్చినప్పుడు దాన్ని వెనక్కి పంపి, పార్లమెంటు చేత మళ్లీ చర్చింపజేశారు. తన సంతకం బరువు తెలిసొచ్చిన మనిషి చేసిన పని అది. నేను గౌరవించే కలాం ఆ కలాం. బడి గోడ మీద రాకెట్టు పక్కన నవ్వుతున్న కలాంతో రాష్ట్రపతి భవన్‌కు పనేముంది?

ఇక 2002లో ఏం జరిగిందో చూడండి. నారాయణన్‌కు రెండో దఫా ఇవ్వాలని కాంగ్రెస్, వామపక్షాలు అన్నాయి. ఎన్డీఏ ఒప్పుకోలేదు, కలాం పేరు తెచ్చింది. ఆ పేరు వినగానే కాంగ్రెసూ చప్పట్లు కొట్టి అటు నడిచింది, వామపక్షాలు ఒంటరిగా లక్ష్మీ సెహగల్‌ను నిలబెట్టాయి. ఫైలు తిప్పి పంపినవాణ్ని ఇంటికి పంపి, రాజకీయం తెలియని విజ్ఞానిని తెచ్చుకోవడంలో పార్టీలకు వచ్చిన నష్టమేమీ లేదు. మనం దాన్ని మేధావికి దక్కిన పట్టాభిషేకంగా చూసి మురిసిపోయాం.