పాలగడ్డేనని పంపేస్తే ఒప్పుకోం

పాలిచ్చే తల్లి రొమ్ములో గడ్డ తగిలి ఆసుపత్రికి పోతే ఏం జరుగుతోంది? బల్లకు అవతల కూచునే 'పాలగడ్డేలే, అదే కరుగుద్ది' అని నాలుగు మాత్రలు రాసి పంపేస్తున్నారు. చెయ్యి పెట్టి చూసేవాళ్లు తక్కువ. మాల మాదిగ ఆడమనిషి ఒళ్లు నాట్లకు పనికొస్తుంది, పరీక్షకు పనికిరాదా?

చూలాళ్లకూ బాలింతలకూ వచ్చే గడ్డల్లో ఎక్కువ ప్రమాదం లేనివే. పాలు నిలిచి తిత్తి కట్టేవి కొన్ని. ముందునించీ ఉన్న మామూలు కంతి కడుపుతో ఉన్నప్పుడు పెరిగేవి కొన్ని. చీము పట్టేవి కొన్ని. కానీ ఏది ఏదో చేత్తో చూసినంతనే తేలదు. అరుదుగానైనా వాటిల్లో క్యాన్సర్ ఉంటుంది. పాలగడ్డేననుకుని నెలలు గడిస్తే పోయేది మన ప్రాణమే.

తేల్చేది స్కానింగ్. కడుపులో బిడ్డను చూసే అల్ట్రాసౌండ్ లాంటిదే ఇదీ. ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. కడుపులో బిడ్డకు హాని లేదు, పాలు చెడవు. పాలతిత్తి ఏదో, గట్టి కంతి ఏదో, చీము ఎంతుందో కనపడుతుంది. స్కానింగ్‌లో చూస్తూ సూదితో చీము లాగేస్తే చాలామందికి కోత తప్పుతుంది. అనుమానముంటే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. పాలిచ్చే తల్లికైనా ఇది చెయ్యొచ్చు. స్కానింగ్‌కు ముందు బిడ్డకు పాలిచ్చి పోతే గడ్డ తేటగా కనపడుతుంది. గడ్డ వచ్చిందని పాలు మాన్పించొద్దు.

అసలు పాలెందుకు నిలుస్తాయి? బిడ్డ ఇంటికాడ, తల్లి మడిలో ఉంటే నిలవవా? 2017లో ఉద్యోగినులకు 26 వారాల జీతం సెలవు చట్టంలోకొచ్చింది. కూలితల్లికి నెల తిరక్కముందే కలుపు పిలుపొస్తుంది.

2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో గర్భిణికి మందులు, పరీక్షలు, స్కానింగ్ ఉచితం. కడుపు చూసే మిషను రొమ్మును ఎందుకు చూడదు?

అందుకే మన సంఘాలు ఇవి అడగాలి: గడ్డ అని వచ్చిన ప్రతి తల్లినీ చెయ్యి పెట్టి చూడాలి. రెండు వారాల్లో కరగని గడ్డకు స్కానింగ్ ఉచితంగా చెయ్యాలి. జ్వరం, ఎరుపు, నెత్తురు కారడం, చర్మం లోపలికి గుంజుకోవడం ఉంటే ఆ రెండు వారాలూ ఆగకూడదు. స్కానింగ్ లేనిచోట పెద్దాసుపత్రికి చీటీతో పాటు బండీ ఇవ్వాలి.

అక్కలారా, సిగ్గుపడి దాచుకోవద్దు. ఒక్కరే పోతే పంపేస్తారు. పదిమంది కలిసి పోదాం.