నియమమా, నిషేధమా?

బడిపిల్లలకు లైంగిక విద్య నేర్పవలెనా యను ప్రశ్నము మన దేశమున నప్పుడప్పుడు లేచి, కొంత కోలాహలము గావించి, మరల నణగిపోవుచున్నది. ప్రభుత్వ పాఠశాలలలో నేమి బోధింపవలెనో, ఏ వయస్సున, ఎవరిచేత బోధింపింపవలెనో నిర్ణయించు నధికారము ప్రభుత్వమునకు గలదు. దీనిని మేము కాదనము. లెక్కల పుస్తకమునకే యామోదము వలసియుండగా నీ విషయమునకు వలదనుట యెట్లు? కాని క్రమపఱచుట వేఱు, నోరు మూయించుట వేఱు.

2005వ సంవత్సరమున కేంద్ర విద్యాశాఖయు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు గూడి కౌమార విద్యా కార్యక్రమమును స్థాపించినవి. తొమ్మిదవ, పదునొకండవ తరగతుల వారికి దేహమున గలుగు మార్పులను గూర్చియు, హెచ్.ఐ.వి. వ్యాప్తిని గూర్చియు ఏటికి 16 గంటలు బోధింపవలెనని యేర్పాటు. 2007లో, ఉపాధ్యాయుల కొఱకు సిద్ధపఱచిన పటములు సభ్యతను మీఱినవని యాక్షేపణలు చెలరేగెను. మహారాష్ట్ర, గుజరాతు, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలగు రాష్ట్రములు కార్యక్రమమునే నిలిపివేసినవి. పటము చెడినచో పటమును మార్పవచ్చును. భూగోళ పటమున నొక సరిహద్దు తప్పుగా బడెనని భూగోళశాస్త్రమునే మానివేసిన బడి యెక్కడనైన గలదా?

పిదప 2009లో, మన నెల్లూరు మండలమువారైన శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడుగారి యధ్యక్షతన రాజ్యసభ అర్జీల సంఘము తన నివేదికను సమర్పించెను. బడులలో లైంగిక విద్య యుండరాదనియు, కౌమారమును, హెచ్.ఐ.వి.ని గూర్చిన పాఠములను ఇంటర్మీడియట్ దశకు ముందు చేర్పరాదనియు ఆ సంఘము తలచెను. పెద్దల సదుద్దేశమును మేము శంకింపము. అయినను పదవ తరగతితోనే, అంతకు ముందే చదువు చాలించి కూలికిని కాపురమునకును పోవు బాలబాలికలు మన పల్లెలలో నెందఱు లేరు? ఇంటర్మీడియట్‌లో జెప్పుదుమన్న పాఠము వారి చెవిని బడదు.

ఆ 2007 సంవత్సరముననే కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ మఱియొక నివేదికను వెలువరించినది. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారింపగా, నూటికి 53 మంది ఏదో యొక విధమగు లైంగిక పీడనకు లోనైతిమని చెప్పిరి. ఇట్టి పీడన యధికముగా గానవచ్చిన రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పీడించినవారిలో సగము మంది పిల్ల లెఱిగినవారు, నమ్మినవారు. అయినను పిల్లలలో చాలమంది యెవ్వరికిని చెప్పుకొనలేదు.

ఏల చెప్పలేదు? భయము, సిగ్గు, నిజమే. ఇంకొక కారణమును మేము తరగతిలో నిత్యము చూచుచున్నాము: చెప్పుటకు వారికి మాట లేదు. గుహ్యావయవములకు మన పిల్లలెఱిగిన పేర్లు రెండే తెఱగులు. ఒకటి వీధి తిట్లలో వినబడునవి, రెండవది యింటిలో ముద్దుకై కల్పించుకొన్న మాఱుపేర్లు. మొదటివానిని పెద్దల యెదుట బలికిన చెంపదెబ్బ తప్పదు. రెండవవి పోలీసులకుగాని న్యాయాధిపతికిగాని బోధపడవు. 2012లో వచ్చిన పోక్సో చట్టమన్ననో నేరము నెఱిగి తెలుపనివారిని సైతము శిక్షించును. పిల్ల తన నోట జెప్పిన వాఙ్మూలమునకు గొప్ప విలువ నిచ్చును. చట్టము చెప్పుమన్నది, చెప్పుటకు వలయు మాటను బడి దాచినది. ఆ చట్టము క్రింద 2020లో వెలువడిన నియమములు, వయస్సునకు దగిన ఆత్మరక్షణ పాఠములను సిద్ధపఱచు భారమును ప్రభుత్వములపైననే యుంచినవి.

ఇట్టి బోధ పిల్లలను చెఱచునని తల్లులు భయపడుదురు. ఆ భయమును తేలికగా దీసివేయరాదు. అయినను 2018లో యునెస్కో సంస్థ వివిధ దేశముల పరిశోధనలను పరిశీలించి, ఈ విద్య పిల్లలను ముందుగా నా త్రోవ పట్టింపదని తేల్చినది. మఱియు చేతిఫోను ఎవరి యనుమతిని గోరి పాఠము చెప్పుచున్నది?

లోపమున్నది మాలోనే, అనగా ఉపాధ్యాయ వర్గములోనే. శిక్షణ కళాశాలలో భిన్నముల నెట్లు బోధింపవలెనో వారములకొలది నేర్పిరి. పదవ తరగతి జీవశాస్త్రమున ప్రత్యుత్పత్తి పాఠము నెట్లు చెప్పవలెనో యొక్క గంటయు నేర్పరైరి. కావుననే పలువురు "ఇంటికడ చదువుకొనుడు" అని పుట త్రిప్పుదురు. వింత యేమనగా, చెప్పకయే పిల్లలు శ్రద్ధగా చదివి వచ్చు పాఠ మదియొక్కటే! 2020లో కేంద్రము ప్రకటించిన బడి యారోగ్య ప్రణాళిక 11 అంశములను నిర్ణయించి, బడి కిద్దఱు ఉపాధ్యాయులను, వీలైనచో నొక స్త్రీని, ఒక పురుషుని, నియమింపుమన్నది. ఇది క్రమపఱచుట. ఝార్ఖండ్ ప్రభుత్వము సైతము నిషేధపు త్రోవ ద్రొక్కక, "ఉడాన్" అను పేర నీ విద్యను తన బడులలో నడిపించినది.

మేము కోరునది యధికము కాదు. ఆ యిద్దఱికిని బడి తెఱవకముందే తగిన శిక్షణ నీయవలెను. పాఠమును మొదట తలిదండ్రుల సభలో చదివి వినిపింపవలెను. అభ్యంతర మున్నచో నచ్చటనే చెప్పనీయవలెను. అవయవముల సరియైన పేర్లు, ఎవరు తాకరాదను మాట ప్రాథమిక తరగతులలోనే తెలియవలెను. ఋతుధర్మమును గూర్చి ఆఱవ తరగతిలోనే చెప్పవలెను. ఏలయన ఎనిమిదవ తరగతి వచ్చునప్పటికి చాలమంది బాలికల కది యారంభమై, భయపడుటయు నైపోవును.