అభిమానుల అలకలో న్యాయం

ఇల్లు దద్దరిల్లేలా మా మనవడు వినే మెటాలికా పాటలు మొదట నాకు గోలగానే తోచాయి. ఇప్పుడా గోలలోనూ తేడాలు తెలుస్తున్నాయి. అందుచేత, ఆ అమెరికా బృందం అభిమానులు మార్పును ఓర్వలేనివారన్న మాటను పూర్తిగా ఒప్పుకోలేను.

1984లో ‘ఫేడ్ టు బ్లాక్’ పాట మెత్తని గిటారుతో మొదలైందని కొందరు అలిగిన మాట నిజమే. 1996లో ‘లోడ్’ ఆల్బం వచ్చినప్పుడు పాటల నడక మారిందనే కాక, వాళ్ళు జుట్టు కత్తిరించుకున్నారనీ నిందించారు! (క్షౌరానికీ సంగీతానికీ ఏమి సంబంధమో!)

2003 నాటి ‘సెయింట్ ఆంగర్’ సంగతి వేరు. స్నేర్ డ్రమ్ము అడుగున ఉండే తీగలను వదిలేసి వాయించడంతో అది రేకుడబ్బాలా మోగింది. గిటారు సోలోలు అసలే లేవు. మృదంగం శ్రుతి తప్పితే మన శ్రోతలు మొహం చిట్లించరా?

2008లో ‘డెత్ మాగ్నెటిక్’లో సోలోలు తిరిగి వచ్చాయి. కానీ శబ్దాన్ని అతిగా పెంచడంవల్ల ధ్వని పగిలిపోయింది. అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేములో తేటగా ఉన్నాయని చాటినవారు అభిమానులే. ఆల్బమును మళ్ళీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు పెట్టారు. రెండు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని పాఠభేదాలు తేల్చే పరిష్కర్త చేసే పనే వాళ్ళూ చేశారు. వాళ్ళను ఛాందసులంటే నేనూరుకోను.